సార్వా కోతలకు నాటి, దాళ్వా కోతలకు ఎత్తే పువ్వు

(అక్టోబరు నెలాఖరు ఆదివారం అమలాపురంలో ఇంటితోటల వాళ్ళం కలుసుకున్నప్పుడు, ఫ్రీసియా అనే పూలమొక్క పెంపకం గురించి విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం. ఒకటికి రెండుసార్లు వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారమండి. వెనక వరసకి వినిపిస్తోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది, ఎవరైనా ఒక పాయింటు తగ్గించండి. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ముందు నా చేతిలో ఉన్నదేంటో చూసి చెప్పండి. వెల్లుల్లి రెబ్బంటున్నారు ఒకరు. ఆ చివర చిన్న ఉల్లిపాయంటున్నారు. రెండూ కాదు. దీని మీద పీచు చూడండి, సన్నటి వల కప్పినట్టుంటుంది. ఈ పీచు తీసి అడ్డంగా కోస్తే ఉల్లిపాయలో ఉన్నట్టు పొరలు కనిపించవు. లోపలంతా ఒకటే ముద్ద, తెల్లగా, గట్టిగా. ఇలా ముద్దగా ఉండే దుంప మనింట్లో ఏముంది?

(సభలో: చేమదుంపండీ!)

చేమ, కరెక్టే. ఇంకోటి? కంద! ఆ మాట మీ నోట రావాలనే అడిగాను. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి పాఠం చెప్పిన అలవాటు, ప్రశ్న వెయ్యకుండా ముందుకు పోలేను. పుస్తకంలో ఉల్లిపాయని లశునం అంటారు, అల్లాన్ని కొమ్ము అంటారు. ఇలా ముద్దగా, నేలలో ఉండే కాండాన్ని కందం అంటారు. పేరులోనే మన కంద ఉంది. ఇది ఫ్రీసియా కందం. నేను మాత్రం దుంపనే అంటాను, ఇంట్లో అలాగే అలవాటైపోయింది.

మన డెల్టాలో కంద సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. కొబ్బరి చెట్ల మధ్య కంద, అరటి పక్కన కంద, పండక్కి కంద బచ్చలి కూర. దేశంలో చాలాచోట్ల వేసే గజేంద్ర రకం కంద మన కొవ్వూరు పరిశోధనా స్థానం నుంచి వెళ్ళినదే. ఎండాకాలం చివర కన్ను చూసుకుని నాటుతాం. వానల్లో గొడుగులా లేస్తుంది. సంక్రాంతి వచ్చేసరికి ఆకు పండి పడిపోతుంది, తవ్వుకుంటాం. తవ్వకుండా వదిలేస్తే మళ్ళీ ఎండలు ముదిరేదాకా మట్టిలో నిద్రపోతుంది. ఇంత తెలిసినవాళ్ళకి ఫ్రీసియా సగం వచ్చేసినట్టే. మిగిలిన సగం ఏంటంటే, ఇది నిద్రపోయేది ఎండాకాలంలో. కందని తలకిందులు చేస్తే ఫ్రీసియా. దుంపని కాదండోయ్, క్యాలెండర్ని. (నవ్వులు)

ఎందుకలా? దీని పుట్టిల్లు దక్షిణాఫ్రికా కొసన ఉన్న కేప్ ప్రాంతం. అక్కడ వానాకాలమూ చలికాలమూ ఒకటే. జూన్ నుంచి ఆగస్టు దాకా చలి, ఆ చలిలోనే వాన. వేసవి పొడిగా ఉంటుంది. అక్కడి దుంప మొక్కలు చాలావరకు ఆ చల్లటి తడిలో ఆకు వేసి, ఎండలు రాకముందే పూసి, వేసవంతా మట్టిలో పడుకుంటాయి. మనకి వాన వేడితో కలిసి వస్తుంది. జూలైలో వాన పడుతున్నా ఒళ్ళంతా చెమటే కదా. మన కందకి ఆ ఉక్క అంటే పండగ. ఫ్రీసియాకి అదే గండం.

పేరు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కేప్‌లో మొక్కలు సేకరించిన ఎక్లన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రీజ్ అనే జర్మన్ డాక్టరు పేరు దీనికి పెట్టాడు. 1866లో ఆ పేరు అచ్చులోకెక్కింది. ఇప్పుడు మనకి దొరికేవి ఆ అడవి మొక్కలు కావు, యూరప్‌లో, ముఖ్యంగా హాలెండ్‌లో సంకరం చేసిన రకాలు. గ్లాడియోలస్, కుంకుమపువ్వు కూడా దీని కుటుంబమే. మూడింటికీ దుంప ఇలాగే ఉంటుంది.

పువ్వు ఎలా ఉంటుందో చూడనివాళ్ళకి చెప్తాను. మూరెడు కంటే పొట్టి మొక్క. ఆకులు సన్నగా, కత్తుల్లా, విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. మధ్యలోంచి సన్నటి కాడ లేస్తుంది. నిటారుగా వచ్చిన కాడ మొదటి మొగ్గ దగ్గర ఎవరో వేలితో నొక్కినట్టు పక్కకి వంగిపోతుంది. మొగ్గలన్నీ ఆ వంగిన భాగం మీద, ఒకే వరసలో, పైకి చూస్తూ ఉంటాయి, తీగ మీద పిచ్చుకలు కూర్చున్నట్టు. మొదలు దగ్గరిది ముందు విచ్చుకుంటుంది, కొసది ఆఖర్న. ఒక కాడకి ఆరేడు పువ్వులు వస్తే వారం పైగా కళ్ళపండగే.

ఇక వాసన. ఇదంతా ఆ వాసన కోసమే కదా. మల్లెలా మత్తుగా ఉండదు, సంపెంగలా ఘాటుగా ఉండదు. తియ్యగా, చల్లగా, కాస్త మిరియం తగిలినట్టు ఉంటుంది. దాన్లో ప్రధానమైన పదార్థం లినలూల్. ఆ పేరు గుర్తుపెట్టుకోకపోయినా పర్వాలేదు. ధనియాలు దంచినప్పుడు వచ్చే సువాసనలో కూడా ముఖ్యమైనది అదే. నాకు ఆ సంగతి తెలిశాక సాంబారు పొడి కొడుతున్నప్పుడల్లా ఫ్రీసియా గుర్తొస్తుంది. మా వారికి ఫ్రీసియా చూసినప్పుడల్లా సాంబారు గుర్తొస్తుంది. (నవ్వులు) రంగులు చాలా ఉన్నాయి కానీ వాసన కోసం పెంచేవాళ్ళు తెలుపు, పసుపు రకాలు తీసుకోండి. ఎరుపు కంటికి బాగుంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే అంత ఉండదు.

సరే, అసలు చిక్కు దగ్గరికి వస్తాను. తులిప్ దుంప కొన్నారనుకోండి, దాని లోపల పువ్వు అప్పటికే తయారై ఉంటుంది. సరిగ్గా చలి చూపించి అమ్మితే, మన పని దాన్ని బయటికి రానివ్వడమే. ఫ్రీసియా దుంపలో నాటే రోజుకి పువ్వు ఉండదు. నాటాక, వేళ్ళు పట్టాక, కొన్ని ఆకులు వచ్చాక, అప్పుడు లోపల పూమొగ్గ రూపు కట్టుకుంటుంది. అది రూపు కట్టుకునే ఆ కొన్ని వారాల్లో మట్టి 12 నుంచి 15 డిగ్రీలు ఉంటే దానికి హాయి. 18 దాటితే ఆలస్యం చేస్తుంది, ఇంకా పెరిగితే మొగ్గలు దూరం దూరంగా, వంకరగా వస్తాయి, లేదా అసలు రావు.

మన దగ్గర సంగతేంటి? జనవరిలో రాత్రి 18కి దిగితే శాలువాలు తీస్తాం. లంబసింగిలో ఉన్నవాళ్ళకి ఈ ప్రసంగంతో పనేలేదు, మట్టిలో పడేస్తే పూస్తుంది. మనం అంచు మీద ఉన్నాం. అందుకే ముందే చెప్తున్నాను, పది దుంపలు పెడితే పదీ పూస్తాయని నేను మాటివ్వను. మంచి చలి పట్టిన ఏడాది మా ఇంట్లో పదికి ఆరు పూశాయి. చలి రాని ఏడాది రెండు.

నేను చేసిన తప్పులు చెప్తాను. మంచి సలహాల కంటే అవే మీకు ఎక్కువ పనికొస్తాయి.

మొదటి ఏడాది దుంపలు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఎవరి దగ్గరో చెప్పను, అవి భాద్రపదంలో దిగాయి. వచ్చినవి వచ్చినట్టే దొడ్లో బావి పక్కన నల్లమట్టిలో పాతేస్తుంటే మా అత్తగారు చూశారు. ఆవిడ జన్మలో ఫ్రీసియా పేరు వినలేదు. ఒక దుంప చేతిలోకి తీసుకుని, కందని చూసినట్టే తిప్పి చూసి, "దీని కన్ను ఇంకా లేవలేదమ్మా, ఇప్పుడే ఎందుకు పాతడం" అన్నారు. నేను టీచర్ని కదా, వినలేదు. అక్టోబర్లో వాయుగుండం పట్టింది. నాలుగు రోజులు దొడ్డంతా నీళ్ళు. తర్వాత తవ్వితే దుంపలు వేలికి ముద్దలా అంటుకున్నాయి, ఆ కుళ్ళు వాసన చెప్పలేను. మన ఒండ్రు మట్టి వరికి బంగారం. నీరు పట్టుకుని వదలదు, అందుకే వరికి అంత మంచిది. ఇలాంటి దుంపకి ఆ మట్టి, ఆ వాన కలిస్తే బతికే దారే లేదు.

రెండో ఏడాది తెలివి ఎక్కువైంది. తులిప్‌లకి ఫ్రిజ్‌లో పెడతారని విని, చలి తక్కువైంది కాబట్టి మనమే ఇద్దామని దుంపల్ని కాగితం సంచిలో పెట్టి రెండు నెలలు ఫ్రిజ్‌లో ఉంచాను. నవంబర్లో నాటాను. డిసెంబరు అయింది, మొలక లేదు. జనవరి అయింది, లేదు. కుళ్ళాయేమోనని తవ్వి చూస్తే, కుళ్ళలేదు. పాత దుంప నెత్తి మీద కొత్త పిల్లదుంప కూర్చుని ఉంది. ఆకు లేదు, మొలక లేదు. తల్లి తన దగ్గరున్నదంతా పిల్లకి పెట్టేసి, పిల్ల మళ్ళీ పడుకుంది. పూల సాగు చేసేవాళ్ళకి ఇది తెలిసిన జబ్బే. పొడి దుంపని చలిలో ఎక్కువ కాలం పెడితే ఫ్రీసియా ఇలాగే చేస్తుంది. నిల్వలో దానికి కావల్సింది వెచ్చదనం, 30 డిగ్రీల చుట్టుపక్కల, పది పన్నెండు వారాలు. ఆ వెచ్చదనం తిన్నాకే దాని నిద్ర తీరుతుంది. చలి కావల్సింది నాటాక. నేను రెండూ తిరగేశాను. విచిత్రమేంటంటే ఆ 30 డిగ్రీలు మన ఇళ్ళలో ఎండాకాలం ఊరికే దొరుకుతాయి. చల్లటి దేశాల వాళ్ళు దానికోసం గదులు వేడి చేసుకుంటారు.

మూడో ఏడాది అన్నీ సరిగ్గా చేశాను, ఒక్క నెల ఆలస్యంగా. డిసెంబరు ఆఖరి వారంలో నాటాను. ఆకులు పచ్చగా, ఎంత బాగా వచ్చాయో. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు కదా, ఆ తర్వాత కాడలు లేచాయి. మొగ్గలు గోధుమరంగుకి తిరిగి కాడ మీదే ఎండిపోయాయి. ఒక్కటీ విచ్చుకోలేదు. ఆ ఏడాది నాకు నిజంగా ఏడుపొచ్చింది.

నాలుగో ఏడాది మాఘమాసంలో ఒక పొద్దున్న పాలు పోయించుకోవడానికి పెరటి తలుపు తీశాను. వాసన ముందొచ్చింది. పువ్వు తర్వాత కనిపించింది. పాలబ్బాయి "ఏం పువ్వండి ఇదీ, సెంటు కొట్టినట్టుంది" అన్నాడు.

ఆ ఏడాది ఏం చేశానో చెప్తాను. రాసుకునేవాళ్ళు రాసుకోండి.

తేదీ అన్నిటికంటే ముఖ్యం. నేను ఇంగ్లీషు నెలలు చూడ్డం మానేశాను. సార్వా కోతలు మొదలయ్యాయంటే నాటే రోజులు వచ్చినట్టు. అంటే వాయుగుండాల భయం సగం తగ్గి, పొద్దుట మంచు పడటం మొదలవ్వాలి. కార్తీక పౌర్ణమి వెళ్ళిన వారం, పది రోజుల్లో పెట్టేయండి. అక్కడి నుంచి పన్నెండు, పద్నాలుగు వారాలు లెక్కేసుకుంటే శివరాత్రికి కాస్త అటూ ఇటూ పూత వస్తుంది. పూమొగ్గ లోపల రూపు కట్టుకునే రోజులు సరిగ్గా ధనుర్మాసంలో, భోగి మంటల చలిలో పడతాయి. మనకున్న చలి అంతే. అది వృథా పోకూడదు.

నేలలో పెట్టొద్దు. కుండీ. అదీ మట్టి కుండీ, ప్లాస్టిక్ వద్దు. మట్టి కుండీ గోడలోంచి నీరు ఆవిరైపోతూ ఉంటుంది కాబట్టి లోపల మట్టి చల్లగా ఉంటుంది, మన కూజాలో నీళ్ళలాగే. నేను ఇంకో అడుగు ముందుకేశాను. ఒక పెద్ద కుండీలో చిన్న కుండీ పెట్టి, మధ్య సందులో ఇసుక పోసి ఆ ఇసుకని తడిపి ఉంచుతాను. పొద్దుటి పూట లోపలి మట్టిని వేలితో తాకితే తేడా మీకే తెలుస్తుంది. పైన కొబ్బరి పీచు పరుస్తాను.

మట్టి సంగతి. లంక మట్టి దొరికితే అదృష్టం, ఇసుకపాలు ఉండి నీరు నిలవదు. అది ఒక వంతు, బాగా మాగిన పశువుల గెత్తం ఒక వంతు, గోదారి ముతక ఇసుక ఒక వంతు. ఇసుక దొరకనివాళ్ళు కొబ్బరి పొట్టు కలపండి, కానీ కడిగిన పొట్టు, ఉప్పుండకూడదు. గుప్పెడు వేప పిండి కలిపితే మంచిది. ఒక్క జాగ్రత్త. దుంప పంట కదా, భాస్వరం కావాలి కదా అని ఇంట్లో ఉన్న సూపర్ ఫాస్ఫేటు తెచ్చి వేసేయకండి. సూపర్‌లో ఫ్లోరైడ్ ఉంటుంది. వరికి ఏం కాదు. ఫ్రీసియా ఆకులు మాత్రం కొసల నుంచి మాడిపోతాయి. నా శిష్యుడొకడు, ఇప్పుడు ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు, అభిమానం కొద్దీ కిలో సూపర్ తెచ్చి ఇచ్చాడు. అది దాళ్వా చేలోకి పోయింది.

మొన పైకి, చదునుగా ఉన్న అడుగు కిందకి. కందని ముక్కలు కోసి నాటే అలవాటుతో దీన్ని కోసేయకండి, దుంప దుంపగానే పెట్టాలి. లోతు రెండంగుళాలు అని ఎక్కడైనా చెప్తారు. మన వేడికి నేను రెండున్నర, మూడు పెడతాను, లోతుకి వెళ్ళేకొద్దీ చల్లగా ఉంటుందని. ఎనిమిదంగుళాల కుండీలో ఆరేడు పెట్టొచ్చు. ఒంటరిగా ఒక్కటి పెడితే కాడ పడిపోతుంది. నలుగురూ ఉంటే ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి.

నాటాక ఒకసారి బాగా తడపండి. తర్వాత మొలక కనిపించేదాకా చెయ్యి కట్టేసుకోండి. రోజూ పోసి చంపేవాళ్ళే ఎక్కువ. నిద్ర తీరిన దుంప అయితే రెండు వారాల్లో మొలక గుచ్చుకుని వస్తుంది. ఆకులు పెరిగాక మట్టి ఎండనివ్వకూడదు, నీరు నిలవనివ్వకూడదు. మొగ్గలు కనిపించే రోజుల్లో ఒక్కసారి ఎండిపోయినా మొగ్గ పోతుంది.

ఎక్కడ పెట్టాలి? పొద్దుటి ఎండ పది, పదకొండు దాకా తగలాలి. ఆ తర్వాత నీడ. కొబ్బరి చెట్ల తూర్పు పక్క భేషుగ్గా ఉంటుంది. కానీ గెల కింద పెట్టకండి, మా ఇంట్లో ఒక కుండీ అలాగే పోయింది. ఇంకోటి, చిక్కుడు పాదుకి దూరంగా పెట్టండి. సంక్రాంతికి మన చిక్కుడు పందిళ్ళకి పేనుబంక నల్లగా పడుతుంది కదా. చిక్కుడు జాతి మొక్కలకి వచ్చే వైరస్ ఒకటి ఫ్రీసియాకీ వస్తుంది, దాన్ని మోసేది ఆ పేనుబంకే. వైరస్ పట్టిన మొక్క ఆకులు చారలు చారలుగా పాలిపోతాయి, పువ్వులో రంగు చిట్లుతుంది. దానికి మందు లేదు. దుంపతో సహా తీసి కాల్చేయాలి. జాలిపడి ఉంచుకుంటే పక్క కుండీకి వెళ్తుంది.

కాడలకి ఊతం కావాలి. పూలు విచ్చుకునేసరికి తల బరువెక్కి వాలిపోతాయి. దీనికి బజారులో ఏమీ కొనక్కర్లేదు, మన చీపురు కట్టలోంచి నాలుగు కొబ్బరి ఈనెలు తీసి కుండీ చుట్టూ గుచ్చి, అరటినారతో రెండు వరసలు చుట్టేయండి. నాకు పూలకంటే ఆ ఈనెల పందిరే ముద్దొస్తుంది ఒక్కోసారి.

పూత అయిపోయాక చాలామంది కుండీని ఒక మూల పడేస్తారు. అప్పుడే అసలు పని మొదలు. వచ్చే ఏటి దుంప తయారయ్యేది పూలు రాలాకే. ఆకు పచ్చగా ఉన్నన్నాళ్ళు, ఆరేడు వారాలు, నీళ్ళు పోస్తూనే ఉండాలి. వీలైతే కాస్త పొటాష్ ఇవ్వండి. ఆకు పసుపు తిరిగితే నీళ్ళు తగ్గించి, ఎండిపోతే ఆపేయండి. దాళ్వా కోతలు, కాలువలు కట్టేసే రోజులు, అప్పుడు ఎత్తేయడం. తవ్వితే పాత దుంప ముడుచుకుపోయి ఉంటుంది, దాని మీద కొత్తది కూర్చుని ఉంటుంది, చుట్టూ బఠాణీ గింజలంత పిల్లలు ఉంటాయి. ఆ పిల్లలు పూయడానికి ఇంకో ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళు.

వాటిని నీడన ఆరబెట్టి, మట్టి దులిపి, వల సంచిలో వేసి గాలి తగిలేచోట వేలాడదీయాలి. ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే వానాకాలానికి బూజే. మేం ఎక్కడ వేలాడదీస్తామో చెప్తే నవ్వుతారు. మా పెరట్లో నీళ్ళు కాచుకునే పొయ్యి ఉంది, కొబ్బరి డొక్కలతో, మట్టలతో మండిస్తాం. ఆ పాక చూరుకి మా అత్తగారు విత్తనం మూటలన్నీ కడతారు. నా సంచి కూడా అక్కడే కట్టారు. అక్కడ వెచ్చగా ఉంటుంది, పొగకి పురుగు రాదు, అంతే అనుకున్నాను. ఆ ఏడాది దుంపలన్నీ ఒకేసారి, ఒకే ఎత్తున లేచాయి. అంతకుముందు ఒకటి పదో రోజున లేస్తే ఇంకొకటి నలభయ్యో రోజున లేచేది.

తర్వాత చదివితే తెలిసింది. పొగ పెడితే ఫ్రీసియా దుంప నిద్ర లేస్తుందని జపాన్‌లో 1980లలోనే పరిశోధన చేసి చూపించారు. పొగలో ఎథిలీన్ అనే వాయువు ఉంటుంది. దుంపని లేపడంలో దాని పాత్ర ఉంది. అరటి గెలల్ని గదిలో పెట్టి పొగ వేసి పండించడం మన రావులపాలెం చుట్టుపక్కల తాతల నాటి పద్ధతి కదా, అక్కడ కాయని పండించేదీ ఆ వాయువే. మా అత్తగారికి ఇది చెప్తే "అందుకేనా" అని కూడా అనలేదు. "చూరు కింద కడితే ఏదైనా లేస్తుంది" అన్నారు.

అయితే ఆ వాయువే కోసిన పువ్వుకి శత్రువు. కాడ కోసి గ్లాసులో పెట్టుకుంటే, పక్కన మాగిన అరటిపళ్ళు ఉండకూడదు. మిగతా మొగ్గలు విచ్చుకోకుండానే వాడిపోతాయి. మొదటి పువ్వు విచ్చుకోగానే కోయండి, మిగతావి గ్లాసులో విచ్చుకుంటాయి. దేవుడి గదిలో పెట్టేవాళ్ళు పళ్ళ పళ్ళెం కాస్త దూరం జరపండి, దేవుడేమీ అనుకోడు.

ఇక మీరడగండి.

(ఒకరు: మాది అపార్ట్‌మెంటు, మేడ మీదే అన్నీ. అక్కడ వస్తుందా మేడం?)

వస్తుంది, కష్టపడితే. మేడతో చిక్కేంటంటే పగలు తాగిన ఎండని శ్లాబు రాత్రంతా కక్కుతుంది. మనకి కావల్సిందేమో రాత్రి చల్లదనం. కుండీని శ్లాబు మీద పెట్టకండి. రెండు ఇటుకలు వేసి, వాటి మీద పెట్టండి. నీళ్ళ ట్యాంకుకి గానీ మెట్ల గదికి గానీ తూర్పు పక్కన చోటు చూడండి, మధ్యాహ్నం నీడ పడుతుంది. సాయంత్రం కుండీ చుట్టూ శ్లాబు మీద రెండు చెంబుల నీళ్ళు చల్లండి. మా చెల్లెలు రాజమండ్రిలో మూడో అంతస్తు మీద అలాగే పూయించింది.

(ఇంకొకరు: అక్కా, ఒక్కమాట. నేల సంపెంగ ఇంతకంటే వాసన, ఏడాదంతా పూస్తుంది, కడియపులంకలో ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. ఇంత అవస్థ ఎందుకు?)

మంచిమాట అడిగారు. మొదటిసారి దుంప మొక్క పెట్టుకునేవాళ్ళు నన్నడిగితే నేను నేల సంపెంగే పెట్టుకోమంటాను. అది మెక్సికో నుంచి వచ్చినా మన వేడికి ఇంటి పిల్లయిపోయింది. ఏం చెయ్యకపోయినా పూస్తుంది. ఫ్రీసియా అలా కాదు, సంక్రాంతికి వచ్చే చుట్టం లాంటిది. ఏడాదంతా మనింట్లో ఉండదు, ఉన్న పది రోజులకి ఇల్లు సర్దుకోవాలి. అది నచ్చనివాళ్ళు పెట్టుకోకపోతే తప్పేం లేదు. నాకు మాత్రం చలి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం ఈ మొక్క వల్లే అలవాటైంది. ఇదివరకు పొద్దున్నే మంచు పడితే మోకాళ్ళ నొప్పులని విసుక్కునేదాన్ని. ఇప్పుడు కుండీ దగ్గరికి వెళ్ళి చూస్తున్నాను.

(ఇంకొకరు: జడలో పెట్టుకోవచ్చా టీచర్?)

ఈ ప్రశ్న రాకుండా మన దగ్గర పూల మీటింగు అవ్వదు. (నవ్వులు) పెట్టుకోవచ్చు. కానీ మల్లెల్లా నారతో ముడేసి కట్టబోతే పువ్వు మెడ తెగిపోతుంది, చాలా లేత. సూది దారంతో గుచ్చాలి. ఆరు గంటలు నిలుస్తుంది, అంతకంటే వద్దు. నేనొకసారి మా మేనకోడలి నిశ్చితార్థానికి ఏడు పువ్వులు గుచ్చి పెట్టాను. అందరూ ఏం సెంటు అని అడిగారు. ఏడు పువ్వులకి నా కుండీ ఖాళీ అయిపోయింది. తర్వాత మళ్ళీ ఆ పని చెయ్యలేదు.

ఇంకెవరూ లేరా? సరే. ఆ బుట్టలో కాగితం పొట్లాలున్నాయి, మనిషికి నాలుగు దుంపలు. మా పాక చూరు కింద ఎండాకాలం గడిపొచ్చినవే, ఇంకా పొగ వాసన వేస్తాయి. నీలం దారం కట్టినవి పెద్దవి, ఈ ఏడాది పూస్తాయి. తెల్ల దారంవి పిల్లలు, ఈసారికి ఆకు మాత్రమే చూస్తారు, నన్ను తిట్టుకోవద్దు. ఇంటికెళ్ళగానే నాటేయకండి. రేడియోలో ఇంకా అల్పపీడనం అంటూనే ఉన్నారు. పొట్లం విప్పి, గాలి తగిలేలా ఎక్కడైనా వేలాడదీయండి. కార్తీక పౌర్ణమి వెళ్ళాక ఒకసారి కన్ను చూసుకుని, అప్పుడు పెట్టండి. పొట్లం ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి.